రేడియో, రూపాయి – 4వ పాఠం: మార్కులు వేయడం ఎలా?

మూడో పాఠంలో 'ఎక్కడిది?' అన్న ప్రశ్న దగ్గర ఆగాం. రేడియోలో పిలుపు గుర్తు వీయూ అని మొదలైతే మన దేశపు స్టేషను. నాణెం మీద సంవత్సరం కింద చిన్న వజ్రం ఉంటే ముంబై, నక్షత్రం ఉంటే హైదరాబాదు, గుండ్రటి చుక్క ఉంటే నోయిడా, ఏమీ లేకపోతే కోల్‌కతా. ఇది ఇంకా నోటికి రానివాళ్ళు జేబులో చిల్లర తీసి ఐదు నిమిషాలు తిరగేసి రండి. పాఠం ఎక్కడికీ పోదు.

ఇవాళ్టి ప్రశ్న 'ఎలా ఉంది?'. వినడానికి సులువుగానే ఉంటుంది. రెండు హాబీల్లోనూ ఎక్కువమంది తప్పేది ఇక్కడే.

కొత్తగా చేరినవాళ్ళ కోసం ఒక మాట. నేను హామ్‌ని, అంటే లైసెన్సు తీసుకుని సరదాకి రేడియోలో మాట్లాడేవాణ్ణి; మా బావగారు నాణేలు పోగేస్తారు. ఇద్దరిదీ చెన్నైలో పెరంబూరే, మధ్యలో నాలుగు వీధులు. అక్క పెళ్ళయిన పదేళ్ళ దాకా మా ఇద్దరి మధ్య 'భోంచేశారా', 'వాన వచ్చేట్టుంది' దాటి మాటల్లేవు. ఒక ఆదివారం ఆయన మా ఇంట్లో కాఫీ తాగుతుండగా నేను మైకులో ఎవరికో 'ఫైవ్ నైన్, ఫైవ్ నైన్' అని చెప్పి, ఆ వెంటనే 'మీ పేరు మళ్ళీ చెప్పండి' అని మూడుసార్లు అడిగాను.

"ఫైవ్ నైన్ అంటే ఏంటోయ్?" అన్నారు.

"బాగా వినబడుతోందని బావగారూ. ఫుల్ మార్కులు."

"మరి పేరు వినబడలేదేం?"

నా దగ్గర జవాబు లేదు. ఆయన నవ్వేసి, "మా దాంట్లోనూ ఇంతేలే. రాజుగారి ముక్కు అరిగిపోయిన రూపాయిని కవర్లో పెట్టి, పైన యూఎన్‌సీ అని, అంటే అసలు వాడనిదని రాసి అమ్ముతారు" అన్నారు. ఆ రోజు కాఫీ ఇంకో రెండుసార్లు వచ్చింది. ఈ పాఠాలు అలా మొదలైనవే.

ముందు చెవి సంగతి

హామ్‌లు వాడే మార్కుల పద్ధతి పేరు ఆర్ఎస్‌టీ. 1934 నాటిది, ఇప్పటికీ అదే నడుస్తోంది. ఆర్ అంటే మాట ఎంత అర్థమైందో చెప్పేది, 1 నుంచి 5 దాకా. 1 అంటే ఏమీ తెలియలేదు. 2 అంటే అక్కడో మాట ఇక్కడో మాట. 3 అంటే చెవులు రిక్కించి వింటే తెలుస్తోంది. 4 అంటే దాదాపు ఇబ్బంది లేదు. 5 అంటే పక్కగదిలో కూర్చుని మాట్లాడినట్టే. ఎస్ అంటే సిగ్నల్ బలం, 1 నుంచి 9. టీ అంటే మోర్స్ (చుక్కలు, గీతలతో పంపే సంకేతాలు) స్వరం ఎంత శుభ్రంగా ఉందో, అదీ 1 నుంచి 9. మాటల్లో మాట్లాడేటప్పుడు టీతో పనిలేదు, అందుకే గొంతుకి 59, మోర్స్‌కి 599.

ఆర్ వేయడానికి నా సొంత లెక్క ఒకటుంది. అవతలి వాళ్ళ పేరు, ఊరు ఒక్కసారి విని కాగితం మీద రాయగలిగితే 5. ఒక్క మాట మళ్ళీ అడగాల్సి వస్తే 4. ఆల్ఫా, బ్రావో అంటూ అక్షరం అక్షరం విడగొట్టి చెప్పించుకుంటే 3. చెవికి ఎలా అనిపించిందని కాకుండా, కాగితం మీద ఏం పడిందని చూస్తాను. మొహమాటానికి అక్కడ చోటుండదు.

ఎస్ దగ్గర కాస్త నిదానించాలి. షార్ట్‌వేవ్ మీద ఎస్-9 అంటే రిసీవర్ దగ్గర 50 మైక్రోవోల్టులు, డీబీఎం (సిగ్నల్ పవర్ కొలిచే ఇంకో కొలత) లెక్కలో మైనస్ 73. అక్కడి నుంచి ఒక్కో మెట్టు దిగితే 6 డెసిబెల్స్ తగ్గుతుంది. 6 డెసిబెల్స్ అంటే పవర్ నాలుగోవంతు కావడం. అంటే 25 వాట్లతో మాట్లాడుతున్న మనిషికి మీరు ఎస్-7 ఇచ్చారనుకోండి, ఎస్-8 కావాలంటే ఆయన 100 వాట్లకి వెళ్ళాలి. ఎస్-9 కావాలంటే 400. ఇక ఎస్-5 ఉన్నదానికి ఎస్-9 ఇస్తే, నాలుగు మెట్లు ఎక్కించినట్టు. నాలుగు నాలుగులు హెచ్చవేసి చూడండి: 256 రెట్ల పవర్ దానం చేశారు! మనది కాని సొమ్ము కదా, చెయ్యి బాగా ఆడుతుంది.

అలా దానం చేస్తే ఏమవుతుందో నాకు తెలుసు. ఒక నవంబరు వానల్లో మా మేడ మీద ఏంటెన్నా కనెక్టర్‌లోకి నీళ్ళు దిగాయి. నాకు తెలియదు. మూడు వారాలు అందరూ నాకు ఫైవ్ నైనే ఇచ్చారు. ఒక రాత్రి విజయవాడ నుంచి ఒక పెద్దాయన మాత్రం "ఫోర్ ఫోర్ అండీ, మీది ఎప్పుడూ ఇంత తక్కువ రాదే, ఒకసారి వైరు చూసుకోండి" అన్నారు. పొద్దున్నే మేడెక్కి కనెక్టర్ విప్పితే టీస్పూనుడు నీళ్ళు కారాయి. ఫైవ్ నైన్ ఇచ్చినవాళ్ళంతా నా స్నేహితులే. ఆ పెద్దాయన ఎవరో నాకు అంతకుముందు తెలియదు.

ఇంకో చిక్కు. ఆర్, ఎస్ జంటగా పెరిగి జంటగా తరగవు. సిగ్నల్ ఎస్-9 వస్తూనే, పక్క స్టేషను మీద పడి తొక్కేస్తుంటే ఆర్ 3కి పడిపోవచ్చు. ఈ తొక్కుడుని క్యూఆర్ఎం అంటారు. పిడుగులు, మబ్బుల వల్ల వచ్చే గరగర క్యూఆర్ఎన్. దీనికి తలకిందులుగా, ప్రశాంతమైన రాత్రి ఎస్-2 సిగ్నల్ కూడా ఆర్-5 వినిపిస్తుంది. మా అపార్టుమెంటులో లిఫ్టు, ఇన్వర్టర్లు, చవక ఎల్ఈడీ బల్బులు కలిసి ఎవరూ మాట్లాడకపోయినా రిసీవర్ మీద సిగ్నల్ బలం చూపే మీటరు ముల్లుని ఎస్-6 మీద నిలబెడతాయి. కాబట్టి ముల్లు చూసి ఎస్ వేసేముందు, స్టేషను ఆగినప్పుడు ముల్లు ఎక్కడ ఉందో కూడా చూడండి.

హామ్‌ల పోటీల్లో అందరూ అందరికీ 599 ఇచ్చుకుంటారు. అది కూడా పూర్తిగా కొట్టే ఓపిక లేక, నాలుగు గీతలు ఒక చుక్క ఉన్న 9 బదులు ఒక గీత ఒక చుక్క ఉన్న ఎన్ వాడి '5ఎన్ఎన్' అంటారు. అది పలకరింపు, మార్కులు కాదు. దాన్ని తప్పు పట్టను. కానీ 2004 డిసెంబరు 26న సునామీ వచ్చినప్పుడు అండమాన్‌లో ఉన్న హామ్‌ల సంగతి తలుచుకోండి. హైదరాబాదులోని నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఎమెచ్యూర్ రేడియో తరఫున భారతీ ప్రసాద్ గారి బృందం ఆ నెల పోర్ట్ బ్లెయిర్‌లోనే ఉంది. సరదాగా ప్రపంచమంతా మాట్లాడటానికి పెట్టిన స్టేషను ఆ ఉదయం నుంచి క్షేమ సమాచారాలు మోసింది. ఒక మనిషి పేరు, ఊరు, బతికే ఉన్నాడన్న మాట. అలాంటి సందేశం సగమే అర్థమైనప్పుడు, అర్థమైందని మర్యాదకి చెప్పేవాడు ఎంత ప్రమాదమో చెప్పక్కర్లేదు.

ఇక కన్ను

నాణేల మార్కులకు మూలం విలియం షెల్డన్ అనే అమెరికన్ మనస్తత్వవేత్త. 1949లో తమ దేశపు పాత రాగి సెంట్ల కోసం 1 నుంచి 70 దాకా ఒక కొలబద్ద తయారు చేశాడు. 70 ఎందుకంటే, అన్నిటికన్నా మంచి నాణెం ధర అధమమైనదానికి 70 రెట్లు ఉండేదని ఆయన లెక్క. ధరలు ఎప్పుడో మారిపోయాయి, అంకె మాత్రం ఉండిపోయింది.

మన అంగళ్ళలో అంకెల కన్నా పొట్టి పేర్లే వినిపిస్తాయి. యూఎన్‌సీ అంటే చలామణిలోకే వెళ్ళనిది, షెల్డన్ లెక్కలో 60, ఆ పైన. దాని కింద ఏయూ (దాదాపు వాడనిది), తర్వాత ఎక్స్ఎఫ్ (ఎక్స్‌ట్రీమ్లీ ఫైన్), వీఎఫ్ (వెరీ ఫైన్), ఫైన్, వీజీ (వెరీ గుడ్), గుడ్. ఇక్కడ కొత్తవాళ్ళు పల్టీ కొడతారు. నాణేల భాషలో గుడ్ అంటే బాగుందని కాదు, బాగా అరిగిపోయిందని! షెల్డన్ కొలబద్ద మీద అది 4 దగ్గర ఉంటుంది. ఫైన్ కూడా 12, 15 మాత్రమే.

పద్ధతి చెబుతాను. టేబుల్ మీద మెత్తని గుడ్డ పరవండి, నాణెం జారినా దెబ్బ తగలదు. అంచులు పట్టుకోండి, ముఖం మీద వేలు పెట్టొద్దు. బల్బు ఒక పక్క నుంచి పడేలా ఉంచి, నాణేన్ని నెమ్మదిగా వాల్చి తిప్పండి. వాడని నాణెం మీద మెరుపు బండి చక్రం ఆకుల్లా గుండ్రంగా తిరుగుతుంది. ఆ తిరుగుడు ఎక్కడ తెగిందో అక్కడ లోహం అరిగింది. భూతద్దం చివర్లోనే తీయాలి. మొదటే తీస్తే ప్రతి గీతా గొయ్యిలా కనిపించి బెంగ పుడుతుంది.

అరుగుదల ముందు ఎత్తైన చోట మొదలవుతుంది. మన నాణేల మీద సింహాల మూతి, ఛాతీ. అయిదో జార్జి రూపాయి మీద కిరీటం, చెవి, మీసం. ఆ రాజుగారి అంగీ మీద చిన్న ఏనుగు బొమ్మ ఉంటుంది. 1911లో వేసిన అచ్చులో దాని తొండం పొట్టిగా పడి పందిలా కనిపించింది. జనం అభ్యంతరం చెప్పడంతో ఆ నాణేలను వెనక్కి తీసుకుని, 1912 నుంచి తొండం తెలిసేలా అచ్చు మార్చారు. ఏనుగు తొండం కనబడలేదంటే అరిగిందనుకుని మార్కులు కోసేముందు సంవత్సరం చూడండి. ఆ తప్పు బావగారే చేశారు, ఒప్పుకున్నారు కూడా.

అచ్చు బలంగా పడకపోయినా బొమ్మ చదునుగానే ఉంటుంది. తేడా మెరుపులో తెలుస్తుంది. అరిగిన చోట మెరుపు చచ్చిపోతుంది, అచ్చు పడని చోట మెరుపు అలాగే ఉంటుంది.

ఆర్, ఎస్ విడివిడిగా చూడాలన్నాను కదా, నాణేల్లోనూ అదే. అరుగుదల ఒక లెక్క, దెబ్బలు, తుప్పు, తోముడు ఇంకో లెక్క. దీనికి మద్రాసు ఉదాహరణే ఉంది. ఈస్టిండియా కంపెనీ ఇక్కడ వాడకానికి బర్మింగ్‌హామ్‌లోని సోహో టంకశాలలో 1808 తేదీతో 10, 20 కాసుల రాగి నాణేలు కొట్టించి, అడ్మిరల్ గార్డ్‌నర్ అనే ఓడలో పంపింది. 1809 జనవరిలో ఆ ఓడ ఇంగ్లండు తీరం దాటకముందే గుడ్‌విన్ శాండ్స్ ఇసుక దిబ్బల దగ్గర మునిగింది. 1980లలో వాటిని పైకి తీశారు. ఆ నాణేలు ఒక్కరోజు కూడా ఏ బజారులోనూ చేతులు మారలేదు, అరుగుదల సున్నా. అయినా చాలావాటి ఒంటినిండా ఉప్పునీళ్ళ గుంటలు. దీన్ని యూఎన్‌సీ అందామా? బావగారు కవరు మీద 'అరగలేదు, సముద్రం తిన్నది' అని తెలుగులో రాసుకున్నారు. నాకు తెలిసి ఇంతకన్నా మంచి గ్రేడింగ్ లేదు.

తోముడు గురించి మాత్రం గట్టిగా చెబుతున్నా. వద్దు. ఒక వరలక్ష్మీ వ్రతం ముందురోజు మా అక్క పూజ సామాన్లతో పాటు బల్ల మీదున్న నాలుగు రాగి కానీలు కూడా చింతపండు వేసి తోమేసింది. కొత్త పెళ్ళికూతుళ్ళలా మెరిశాయి. బావగారు రెండు రోజులు మాట్లాడలేదు. చిన్నప్పుడు వాళ్ళ నాన్నగారు మూర్ మార్కెట్లో కొనిపెట్టినవట. ఆ మార్కెట్టు 1985లో తగలబడిపోయింది, నాన్నగారూ లేరు. వందేళ్ళ గోధుమరంగు పొర పోయాక కింద మిగిలేవి సన్నటి వెంట్రుక గీతలు. వాటిని భూతద్దంతో చూస్తే ఒకే దిక్కుగా ఉంటాయి. ఆ గీతలు కనిపిస్తే నాణెం ఎంత మెరిసినా 'తోమినది' అని రాయండి, అమ్మేవాడు ఏమన్నా సరే.

ఇంటిపని

లైసెన్సు లేకుండా ట్రాన్స్‌మిట్ చేయడం నేరం, పరీక్ష సంగతి ఆరో పాఠంలో చూద్దాం. ప్రస్తుతానికి ఇంటర్నెట్‌లో నెదర్లాండ్స్‌లోని ట్వెంటే విశ్వవిద్యాలయం వాళ్ళ వెబ్ ఎస్‌డీఆర్ (ఇంటర్నెట్‌లోనే తిప్పి వినగలిగే రిసీవర్) తెరవండి. మన సాయంత్రం నాలుగు నుంచి ఏడు మధ్య 14 మెగాహెర్ట్జ్ బ్యాండు మీద యూఎస్‌బీ (అప్పర్ సైడ్‌బ్యాండ్, అక్కడ మాటలు వినడానికి వాడే పద్ధతి) నొక్కి, పది స్టేషన్లు వినండి. ఒక్కోదానికి ఆర్, ఎస్ రాయండి. టైము యూటీసీలో (ప్రపంచమంతటికీ ఒకటే గడియారం), అంటే మన గడియారంలోంచి ఐదున్నర గంటలు తీసేసి.

తర్వాత ఇంట్లో పాత లావు ఐదు రూపాయల బిళ్ళలు పది వెతికి, సింహాల మూతులు చూసి మంచివాటి నుంచి అరిగినవాటి దాకా వరుసలో పేర్చండి. ఫోటో తీసి, బిళ్ళలన్నీ కలిపేసి, మర్నాడు ఫోటో చూడకుండా మళ్ళీ పేర్చండి. రెండు వరుసలూ కలవకపోతే బాధపడొద్దు, నాకు మొదటిసారి నాలుగే కలిశాయి.

వీలైతే రెండూ ఇద్దరు కలిసి చేయండి, ఒకరి కాగితం ఇంకొకరికి చూపించకుండా. నిన్న నేనూ బావగారూ ఒకే ఇటలీ స్టేషను విన్నాం. నేను 57 రాశాను. ఆయన కాగితం మీద 37 ఉంది. "నీకు ఆ యాస అలవాటోయ్, నాకు పేరు ఒక్క ముక్క తెలియలేదు" అన్నారు. రెండూ లాగ్‌బుక్కులో అలాగే ఉంచాం.

వచ్చే పాఠానికి ఒక ఆదివారం ఎగ్మూరు మ్యూజియంలో నాణేల గది చూసి రండి. మద్రాసు వరహాల మీద తెలుగు అక్షరాలు చదవడంతో మొదలుపెడదాం.