సైలేజీ రిపోర్టులో పొటాషియం చూడండి
సైలేజీని, అంటే గాలి తగలకుండా పులియబెట్టి నిల్వ చేసిన పచ్చిమేతని, ల్యాబ్‌కి పంపేటప్పుడు ప్రొటీన్, పీచుతో సరిపెట్టకండి, ఖనిజాలు కూడా చూపించండి. ఖనిజాలకి ఎన్‌ఐఆర్ స్కానింగ్ (కాంతి పంపి అంచనా వేసే పద్ధతి) అంత నమ్మకం కాదు, వెట్ కెమిస్ట్రీ (రసాయనాలతో నేరుగా పరీక్షించే) పద్ధతిలో చేయమని అడగండి. అప్పుడే దింపిన మేతలో పది పన్నెండు చోట్ల పిడికెడు చొప్పున తీసి బాగా కలిపి, కవర్లో గాలి లేకుండా నొక్కి కట్టి, చల్లగా ఉంచి పంపాలి.

రిపోర్టు రాగానే నేను ముందు వెతికేది పొటాషియం. ఆవు ఈనడానికి మూడు వారాల ముందు నుంచి అది ఎక్కువున్న మేత పెడితే, ఈనే వేళకి ఎముకల్లోని కాల్షియం రక్తంలోకి త్వరగా రాదు. పాలజ్వరం (ఈనే వేళ రక్తంలో కాల్షియం పడిపోయే జబ్బు) పట్టుకునేది అక్కడే! అలాంటి సైలేజీని పాలిచ్చే ఆవులకి మళ్లించి, చూడి ఆవుకి వేరే మేత చూడండి. మొక్కజొన్న సైలేజీలో కాల్షియం తక్కువ కాబట్టి పాలిచ్చేవాటికి మినరల్ మిక్చర్ తప్పదు. ఐరన్ మరీ ఎక్కువ కనిపిస్తే, కోతలో మట్టి కలిసిందేమో అనుమానించండి.