పార్లర్‌లో హెడ్ మసాజ్ మొదలుపెడుతున్నారా? ముందు మెడ గురించి తెలుసుకోండి

ఫేషియల్, పెడిక్యూర్, బాడీ మసాజ్ చేసేవాళ్లు నన్ను తరచూ అడిగేది ఒకటుంది. హెడ్ మసాజ్ కూడా పెడదామనుకుంటున్నాం, దానికి మళ్లీ నేర్చుకోవాలా, చిన్నప్పటి నుంచి చూస్తున్న పనే కదా అని. నిజమే, దీపావళికి, ఉగాదికి తెల్లవారుజామునే పీట మీద కూర్చోబెట్టి మాడుకి నువ్వుల నూనె పట్టించి తలంటు పోయడం మనలో చాలామందికి అనుభవమే. కానీ ఇంట్లో పిల్ల తల అమ్మ చేతికి అలవాటు, ఎక్కడ నొప్పో ఎంత నొక్కితే చాలో ఆవిడకి తెలుసు. మీ కుర్చీలో కూర్చున్న మనిషి తల మీకు కొత్త. ఆవిడ బీపీ మీకు తెలీదు, మెడలో ఏముందో తెలీదు. అందుకే దీన్ని హెయిర్ వాష్‌తో పాటు ఊరికే చేసిపెట్టొద్దు, విడిగా నేర్చుకోండి, విడిగా డబ్బు తీసుకోండి అని చెప్తాను.

ఇప్పుడు స్పాలలో ‘ఇండియన్ హెడ్ మసాజ్’ పేరుతో చేసేది నిజానికి లండన్‌లో ఈ రూపానికి వచ్చింది. షాంపూ అనే మాట మన హిందీ ‘చాంపో’ నుంచి వెళ్లిందే, నొక్కు, పిసుకు అని దానర్థం. పట్నా నుంచి వెళ్లిన షేక్ దీన్ ముహమ్మద్ బ్రైటన్‌లో స్నానశాల పెట్టి ఈ పని చేస్తూ 1822లో దాని మీద పుస్తకం కూడా రాశాడు. తర్వాత 1970లలో ముంబై నుంచి లండన్ వెళ్లిన నరేంద్ర మెహతా, ఆయనకు చూపు లేదు, తల మాలిష్‌కి మెడ, భుజాలు, ముఖం కూడా కలిపి 1980ల మొదట్లో అక్కడివాళ్లకి నేర్పడం మొదలుపెట్టారు. మనకు పనికొచ్చే సంగతి ఏంటంటే, ఇది కుర్చీలో కూర్చోబెట్టి, బట్టలు తీయకుండా చేసేది. బెడ్ అక్కర్లేదు, షవర్ అక్కర్లేదు, ఒక మూల చాలు. చిన్న పార్లర్‌కి ఇంతకన్నా తక్కువ ఖర్చుతో కలిసే సర్వీస్ నాకు కనపడలేదు.

చేయి వేసే ముందు ఐదు నిమిషాలు అడగండి. జ్వరం ఉందా, బీపీ ఉంటే అదుపులో ఉందా, రక్తం పలచబడే మందులు వాడుతున్నారా, ఈమధ్య తలకి గానీ మెడకి గానీ దెబ్బ తగిలిందా, ఆపరేషన్ అయిందా, పక్షవాతం, మూర్ఛ లాంటివి ఎప్పుడైనా వచ్చాయా, మెడ నొప్పితో పాటు చేతులు తిమ్మిరెక్కుతున్నాయా. మందులతో అదుపులో ఉన్న బీపీ అయితే తేలిగ్గా చేయొచ్చు. మిగతా వాటిలో ఏ ఒక్కటి ఉన్నా ఆరోజుకి వద్దని, డాక్టర్‌ని అడిగి రమ్మని చెప్పండి. గర్భిణులకైనా అంతే. మైగ్రేన్ వచ్చి ఉన్న సమయంలో చేయొద్దు, తగ్గాక రమ్మనండి. తలలో పుండ్లు, తామర, పేలు కనిపిస్తే పక్కకి పిలిచి నెమ్మదిగా చెప్పండి, నలుగురిలో మాత్రం కాదు. ఇవన్నీ ఒక నోట్‌బుక్‌లో రాసి సంతకం తీసుకుంటే రెండోసారి వచ్చినప్పుడు మీ పని సగం తగ్గుతుంది.

ఇక మెడ. నేను మొదట నేర్చుకున్న చోట మసాజ్ చివర్లో గడ్డం పట్టుకుని తల పక్కకి తిప్పి టక్కుమనిపించడం కూడా నేర్పారు. కస్టమర్లకి అదంటే ఇష్టం, సెలూన్‌లో చేస్తారు మీరెందుకు చేయరు అని అడుగుతారు కూడా. చేయొద్దు. ఎంత బతిమాలినా చేయొద్దు. మెదడు వెనక భాగానికి రక్తం తీసుకెళ్లే నాళాలు మెడ ఎముకల్లోంచే పైకి వెళ్తాయి, మెడని ఒక్కసారిగా తిప్పితే ఆ నాళం లోపలి పొర చిరిగి, అక్కడ గడ్డకట్టిన రక్తం మెదడుకి చేరితే స్ట్రోక్ వస్తుంది. వాష్ బేసిన్ మీద మెడని వెనక్కి బాగా వంచి ఎక్కువసేపు ఉంచడం కూడా ప్రమాదమే. 2022లో హైదరాబాద్‌లో 50 ఏళ్ల ఒకావిడకి పార్లర్‌లో తల కడిగించుకుంటుండగానే కళ్లు తిరిగి వాంతులై, తర్వాత అది స్ట్రోక్ అని తేలిన సంగతి పేపర్లలో వచ్చింది. బేసిన్ దగ్గర మెడ కింద మడిచిన తువ్వాలు పెట్టండి. ఎవరికైనా ఉన్నట్టుండి మాట తడబడినా, మూతి వంకరపోయినా, ఒక పక్క చేయి పట్టు తప్పినా, కళ్లు తిరిగి నిలబడలేకపోయినా, నిమ్మరసం ఇచ్చి చూద్దామని ఆగకుండా 108కి ఫోన్ చేయండి.

కుర్చీ వీపు పొట్టిగా ఉండాలి, లేకపోతే భుజం రెక్కల దాకా చేయి వెళ్లదు. ప్లాస్టిక్ స్టూల్ వద్దు, మనిషి వెనక్కి వాలితే ఆసరా ఉండదు. నూనె ఏది అంటే, నేను ఎక్కువగా నువ్వుల నూనె, ఎండాకాలంలో కొబ్బరి నూనె వాడతాను. ఆముదం ఒక్కటే అయితే చేతికి అంటుకుపోతుంది, కావాలన్నవాళ్లకి కొబ్బరి నూనెలో కొంచెం కలుపుతాను. బాదం నూనె వాడే ముందు పడుతుందో లేదో అడగాలి. రెండు మూడు చెంచాలు చాలు, గిన్నెని వేడి నీళ్లలో పెట్టి గోరువెచ్చగా చేసి మణికట్టు లోపలివైపు ఒక చుక్క వేసుకుని చూడండి. ఆఫీసుకి తిరిగి వెళ్లేవాళ్లకి నూనె లేకుండానే చేయొచ్చు. పట్టుచీర కట్టుకుని వస్తే భుజాల మీద పెద్ద తువ్వాలు కప్పకుండా నూనె గిన్నె ముట్టుకోవద్దు.

పని ఇలా సాగాలి. పూలు, పిన్నులు, చెవులకి పెద్ద దుద్దులు ఉంటే తీయించి, జుట్టు చిక్కు తీసి, వెనక నిలబడి రెండు చేతులూ భుజాల మీద ఊరికే ఆనించి మూడు నాలుగు ఊపిరుల సేపు ఆగండి. చాలామంది ఇది వదిలేసి నేరుగా తల పట్టుకుంటారు, బిగుసుకుపోయిన భుజాలతో తల ఎంత నొక్కినా సుఖం ఉండదు. ముప్పై నిమిషాల్లో మొదటి పది వీపుకి, భుజాలకే ఇవ్వండి. వెన్నుపూస మీద కాకుండా పక్కనున్న కండ మీద బొటనవేళ్లతో కింద నుంచి పైకి, తర్వాత భుజం మీది కండని అరచేతి నిండా పట్టుకుని చపాతీ పిండిలా పిసుకుతూ జబ్బల మీదుగా మోచేతి దాకా. “చాలా, ఇంకొంచెం గట్టిగానా” అని అడుగుతూ ఉండండి, మొహమాటంతో నొప్పి ఓర్చుకునేవాళ్లు చాలామంది.

మెడకి ఐదు నిమిషాలు. ఒక అరచేయి నుదుటికి ఆసరాగా పెట్టి తల కొద్దిగా ముందుకి వంచి, రెండో చేత్తో వెనక కండని పట్టుకుని వదులుతూ పోవాలి. గొంతువైపు చేయి పోనివ్వొద్దు. జుట్టు మొదలయ్యే చోట, పుర్రె అంచు కింద, బొటనవేలితో చిన్న చిన్న సున్నాలు చుడుతుంటే కంప్యూటర్ ముందు పనిచేసేవాళ్లు హాయిగా నిట్టూరుస్తారు.

తలకి వచ్చాక వేళ్లు జుట్టు మీద జారకూడదు. మునివేళ్లు ఒకచోట ఆనించి ఆ చర్మాన్నే పుర్రె మీద కదపాలి, తర్వాత వేళ్లు ఎత్తి ఇంకోచోట పెట్టాలి. గోళ్లు తగిలితే అది మసాజ్ కాదు. జుట్టు కుదుళ్ల దగ్గర పిడికెడు పట్టుకుని మెల్లగా లాగి వదలడం, చివర్లో రెండు చేతులూ జోడించి వదులుగా ఒక అర నిమిషం టపటపమని కొట్టడం కూడా ఇందులో భాగమే. ఆ తర్వాత చేతికి నూనె లేకుండా తుడుచుకుని నుదురు, కణతలు, దవడ, చెవి తమ్మెలు. మళ్లీ చేతులు భుజాల మీదకి తెచ్చి ఆపండి.

అయిపోగానే లేవనివ్వకండి. మొదట్లో ఒకావిడ లేచిన వెంటనే తూలిపోయింది, పక్కనే ఉండబట్టి పట్టుకోగలిగాను. అప్పటి నుంచి గ్లాసు నీళ్లిచ్చి ఐదు నిమిషాలు కూర్చోబెడుతున్నాను, ఆ ఐదు నిమిషాలూ అపాయింట్‌మెంట్‌లో కలిపే లెక్కేస్తాను.

ధరకి నా పద్ధతి సులువు. గంట బాడీ మసాజ్‌కి 1200 తీసుకుంటుంటే, అరగంట దీనికి 600, నూనె విడిగా. ఓపెనింగ్ ఆఫర్ అని వందకి చేస్తే తర్వాత ఆ ధర పెరగదు. ఏడాది ఆదాయం 20 లక్షలు దాటితే జీఎస్టీ రిజిస్ట్రేషన్ కావాలి, పార్లర్ సర్వీసుల మీద 2025 సెప్టెంబర్ 22 నుంచి అది 18 శాతం నుంచి 5 శాతానికి తగ్గింది, కొన్న సామాను మీద క్రెడిట్ మాత్రం రాదు, అంటే వాటికి కట్టిన జీఎస్టీని ఇందులోంచి తగ్గించుకోలేం. బ్రిటన్‌లో ఉండి ఇదే పని చేద్దామనుకునే మనవాళ్లు అక్కడ దీనికి విడిగా ఉన్న లెవెల్ 3 కోర్సు చేసి, ఇన్సూరెన్స్ తీసుకున్నాకే మొదలుపెట్టండి. ఎక్కడున్నా సరే, జుట్టు మొలుస్తుందని, బట్టతల పోతుందని బోర్డు మీద రాయొద్దు. బిగుసుకున్న భుజాలు వదులవుతాయి, టెన్షన్ తగ్గినట్టు ఉంటుంది, ఆ రాత్రి హాయిగా నిద్రపోయామని చాలామంది చెప్తారు. రాయడానికి అది చాలు.

మీ చేతులు కూడా చూసుకోండి. రోజంతా బొటనవేళ్లతోనే నొక్కితే కొన్నాళ్లకి వేలి మొదట్లో నొప్పి మొదలవుతుంది, అందుకే మణికట్టు దగ్గర అరచేతి గట్టి భాగం, ముంజేయి కూడా వాడండి, నడుం వంచకుండా ఒక కాలు ముందుకి వేసి ఒంటి బరువుతో నొక్కండి. నేను రోజుకి ఐదు కన్నా ఎక్కువ తీసుకోను.

తువ్వాళ్లు ఏరోజువి ఆరోజే వేడి నీళ్లలో సర్ఫ్ వేసి ఉతకాలి, మర్నాటికి ఉంచితే ముక్క వాసన పట్టేస్తుంది. డ్రైయర్ వాడేవాళ్లు వేడిగా ఉండగానే మడిచి దొంతర పెట్టొద్దు, ఉతికినా పోకుండా మిగిలిన నూనె వల్ల అవి వాటంతటవే వేడెక్కి అంటుకునే ప్రమాదం ఉంది. మనకి ఎండ ఉంది కాబట్టి తీగ మీద ఆరేయడమే మేలు.