పార్సిల్ దొంగతనాల రికార్డుల కోసం ఆర్టీఐ (సమాచార హక్కు చట్టం): దరఖాస్తుకు ముందు జాగ్రత్తలు

తిరుపతి పోలీసులను “గుమ్మం ముందు పార్సిళ్లు ఎన్ని పోయాయి?” అని అడిగితే పని జరగదు. ఆ పేరుతో రికార్డులో విడిగా పద్దు ఉండదు. సెక్షన్ పట్టుకుని అడగండి: 2024 జూలై 1 నుంచి బీఎన్ఎస్ (భారతీయ న్యాయ సంహిత) 303(2) అంటే దొంగతనం, 305 అంటే ఇళ్లలాంటి చోట్ల దొంగతనం; అంతకుముందువి ఐపీసీ (పాత శిక్షాస్మృతి) 379, 380.

అసలు చిక్కు ఇక్కడుంది. పోయిన వస్తువు విలువ 5,000 రూపాయల లోపయితే 303(2) కింద అది నాన్-కాగ్నిజబుల్, అంటే మేజిస్ట్రేట్ అనుమతి లేకుండా పోలీసులు దర్యాప్తు చేయలేని నేరం. ఎఫ్ఐఆర్ కాకుండా ఫిర్యాదు సారాంశం వేరే రిజిస్టర్‌లోనే ఆగిపోవచ్చు. చీరలు, చెప్పుల పార్సిళ్లు చాలావరకు ఈ లెక్కలోవే! ఎఫ్ఐఆర్‌లతో పాటు ఆ నమోదుల సంఖ్యా అడగండి.

ఇలా రాయండి: “అలిపిరి స్టేషన్, ఫలానా తేదీ నుంచి ఫలానా తేదీ వరకు, పై సెక్షన్ల కింద కేసులు ఎన్ని, ఛార్జిషీటు వేసినవెన్ని, మూసేసినవెన్ని?” ఒక స్టేషన్, ఒక ఏడాది చాలు.

బాధితుల పేర్లు, ఫోన్ నంబర్లు అడగొద్దు, ఆర్టీఐ చట్టంలో వ్యక్తిగత సమాచారానికి మినహాయింపు ఇచ్చే సెక్షన్ 8(1)(జె) చూపి తిప్పికొడతారు. దర్యాప్తులో ఉన్న కేసు కాగితాలకు, దర్యాప్తుకు ఆటంకమయ్యే సమాచారాన్ని మినహాయించే 8(1)(హెచ్) అడ్డొస్తుంది. అంకెలకు సాధారణంగా రాదు. కారణం రాయనక్కర్లేదు.

జిల్లా ఎస్పీ కార్యాలయానికైతే ఫీజు 10 రూపాయలు. స్పీడ్ పోస్టు రసీదు దాచుకోండి. 30 రోజుల్లో జవాబు రాకపోతే, ఆపై 30 రోజుల్లోపే మొదటి అప్పీలు.