రంగుల వీడియో పెడితే వేలు పాజ్ మీదే ఉంచండి

మూడేళ్ల పిల్లలకు రంగుల యానిమేషన్ వీడియో పెట్టి వదిలేస్తే పాట వస్తుంది గానీ రంగు రాదు. తెర మీద ఎర్ర బెలూన్ కనబడగానే పాజ్ చేసి, "ఇంట్లో ఇంకేం ఎర్రగా ఉందో తీసుకురా నాన్నా" అనండి. టమాటా తెస్తారు, ఒక్కోసారి అవ్వ కుంకుమ భరిణే వచ్చేస్తుంది! నొక్కితే చప్పట్లు కొట్టే యాప్‌లలో అయితే అన్నీ నొక్కేసి గెలిచేస్తారు, దాన్ని నమ్మొద్దు. ఒక రంగు పట్టుబడ్డాకే రెండోది. పసుపుకు మన చిత్తూరులో కరువేముంది, సీజన్‌లో తోతాపురి మామిడి పచ్చికాయ పక్కన మాగిన పండు పెట్టి చూపించండి. రెండు నుంచి నాలుగేళ్ల వాళ్లకు స్క్రీన్ రోజుకు గంట మించొద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లోనే చెప్పింది. నన్నడిగితే ఈ పాఠానికి పది నిమిషాలే ఎక్కువ.