భూతాప జలాల్లో సిలికా గార నివారణ – 3వ పాఠం: ఎంతవరకు చల్లార్చవచ్చు?

భూగర్భంలోని వేడినీరు క్వార్ట్జ్‌ను (సిలికా స్ఫటిక ఖనిజాన్ని) కరిగించుకొని సిలికాను తనలో నింపుకొంటుందని గత పాఠంలో చూశాం. ఆ నీటిని పైకి తెచ్చి ఆవిరిని వేరుచేసినప్పుడు గార ఏ ఉష్ణోగ్రత దగ్గర మొదలవుతుందో ఇప్పుడు లెక్కకడదాం.

లెక్కకు ముందు ఒక పొరపాటును సరిదిద్దుకోవాలి: సిలికా గార కూడా ఇంట్లో గిన్నెకు పట్టే గారలాంటిదే అనుకోవడం. తిరుపతిలో బోరు నీళ్లు కాచే గిన్నె అడుగున పట్టే తెల్లటి గారపై నిమ్మరసం పిండితే బుసబుసమని నురగలు వచ్చి కరుగుతుంది. అది కాల్షియం కార్బొనేట్. నీరు వేడెక్కినప్పుడు పడుతుంది. సిలికా తీరు ఇందుకు విరుద్ధం: నీరు చల్లారినప్పుడు పడుతుంది, నిమ్మరసానికే కాదు, హైడ్రోక్లోరిక్ ఆమ్లానికీ లొంగదు.

గొట్టాల్లో పేరుకొనేది సాధారణంగా క్వార్ట్జ్ కాదు, స్ఫటికరూపం లేని సిలికా. దాని ద్రావణీయతకు, అంటే నీటిలో కరిగి ఉండగల పరిమితికి, భూరసాయన శాస్త్రవేత్త ఫోర్నియర్ ఇచ్చిన సమీకరణం ఇది: లాగ్ సి = 4.52 − 731/టి (లాగ్ ఆధారం 10). టి కెల్విన్లలో, సి కిలో నీటికి మిల్లీగ్రాముల్లో తీసుకోవాలి.

250 డిగ్రీల సెల్సియస్ దగ్గర క్వార్ట్జ్‌తో సమతాస్థితిలో ఉన్న నీటిలో కిలోకు సుమారు 490 మిల్లీగ్రాముల సిలికా ఉంటుంది. ఆవిరిని 150 డిగ్రీల దగ్గర వేరుచేస్తే ఐదో వంతుకు పైగా నీరు ఆవిరైపోయి, మిగిలిన నీటిలో సిలికా 620కి చేరుతుంది. సమీకరణం అనుమతించే పరిమితి కూడా దాదాపు అంతే. అదే 100 డిగ్రీల దాకా దించితే సిలికా 690కి పెరుగుతుంది, పరిమితి మాత్రం 365కు పడిపోతుంది. నీటిలోని సిలికాకు, పరిమితికి మధ్య నిష్పత్తి 1.9. పరిమితి తగ్గడాన్ని అందరూ గుర్తుపెట్టుకుంటారు, ఆవిరి పోవడంతో సిలికా చిక్కబడటాన్ని మరిచిపోతారు. మొదటిసారి ఈ లెక్క చేసినప్పుడు నేనూ మరిచాను.

నిష్పత్తి 1 దాటిన క్షణంలోనే గార పట్టదు. సిలికా అణువులు గొలుసుకట్టడానికి నిమిషాలో, గంటలో పడుతుంది, నివారణ పద్ధతుల్లో చాలావాటికి ఈ వ్యవధే ఆధారం. ఆమ్లం కలిపి పీహెచ్‌ను 5 దరిదాపులకు తెస్తే ఆ చర్య బాగా మందగిస్తుంది. అంతకంటే దించితే ఉక్కు గొట్టాన్ని తినేసే ప్రమాదం పెరుగుతుంది. ఆవిరి నుంచి వచ్చిన శుద్ధజలాన్ని కలిపి పలుచన చేయవచ్చు, చెరువులో నిలిపి సిలికాను ముందే గట్టిపడనిచ్చి తేట నీటిని భూమిలోకి పంపవచ్చు. నా దృష్టిలో ఉష్ణోగ్రతను నిలుపుకోవడమే మొదటి మార్గం. దానివల్ల కొంత విద్యుత్తు వదులుకోవలసి వస్తుంది.

అభ్యాసం: అదే నీటిని 120 డిగ్రీల దగ్గర వేరుచేస్తే 26 శాతం ఆవిరవుతుంది. నిష్పత్తి కనుక్కోండి. జవాబు 1.4, 1.5ల మధ్య రాకపోతే ముందుగా కెల్విన్ మార్పును సరిచూడండి.