వయ్యారిభామ పీకడానికి వెళ్తున్నారా? పూత రాకముందే వెళ్ళండి

చెరువు గట్టు మీదో ఊరి పక్క గుట్ట మీదో వయ్యారిభామ అనే కలుపు మొక్కను (పార్థీనియం) పీకుదామని పదిమంది పోగైతే సగం పని అయిపోయినట్టే అనిపిస్తుంది, కానీ మొదటి రోజు పీకింది అసలు లెక్కలోకే రాదు. మొదటి ఏడాది మేం చేసిన పొరపాటు అదే. తెల్లగా పూసి కంటికి బాగా కనబడ్డాక ఆగస్టులో వెళ్ళి సంచులకు సంచులు పీకాం, ఫొటోలు దిగాం, పీకి మోసుకెళ్తున్నప్పుడు దారి పొడుగునా విత్తనాలు మేమే చల్లామని నెల తిరక్కుండానే తెలిసింది, నారు పోసినట్టు మొలిచింది. ఒక్క మొక్కే 10,000 నుంచి 25,000 దాకా విత్తనాలు ఇస్తుంది, అవి మట్టిలో ఏళ్ళ తరబడి బతికే ఉంటాయి.

అందుకని తొలకరి పడ్డ రెండు మూడు వారాలకే మొదటిసారి వెళ్ళండి. అప్పటికి మొక్క నేలకు అంటుకుని, క్యారెట్ ఆకులా చీలిన ఆకులతో ఉంటుంది. దీన్ని మాచిపత్రి అనుకుని వినాయకచవితి పత్రిలోకి కోసుకెళ్ళేవాళ్ళను నేను చూశాను. మొలిచిన నెల రోజులకే పూతకొస్తుంది కాబట్టి దసరా దాకా మూడు వారాలకోసారి అదే చోటుకు వెళ్ళాలి, కొత్త చోటు మీద మోజు పడకండి. చెరువైతే పంచాయతీకి, అడవైతే అటవీ శాఖకు ముందే చెప్పండి.

వాన పడిన మర్నాడు పీకితే వేరుతో సహా వచ్చేస్తుంది. కొడవలితో కోస్తే మాత్రం మొదలు నుంచి మళ్ళీ చిగురేస్తుంది. చేతికి గ్లౌజులు, ఫుల్ చేతుల చొక్కా, మాస్కు, బూట్లు తప్పనిసరి, ఎందుకంటే ఇది కొందరికి ఒళ్ళంతా దద్దుర్లు తెప్పిస్తుంది, పుప్పొడి పడనివాళ్ళకు ఆయాసం కూడా వస్తుంది. ఆస్తమా ఉన్నవాళ్ళు "ఏం కాదులే" అన్నా వినకండి, మొక్కకు దూరంగా ఉండే పనేదైనా అప్పగించండి. ఇంటికెళ్ళాక బట్టలు విడిగా ఉతకాలి, బూట్ల మట్టి మాత్రం అక్కడే దులుపుకోండి.

పూత లేనివాటిని కంపోస్టు గుంతలో వేయొచ్చు. తడి నేల మీద పడేస్తే మళ్ళీ నాటుకుంటాయి, అందుకే రాతి మీద వేర్లు పైకి పెట్టి ఆరబెట్టండి. పూసినవి దొరికితే ముందు తలను సంచిలోకి వంచి, తర్వాతే వేరు లాగండి, నిండగానే మూతి కట్టేయండి.

ఉప్పు నీళ్ళు కొడితే చస్తుందంటారు, నిజమే, లీటరుకు 200 గ్రాముల ఉప్పు కలిపి కొడతారు. రోడ్డు పక్కనైతే సరే గానీ చెరువు గట్టు మీద వద్దు, పక్కనున్న మంచి మొక్కలు కూడా మాడిపోతాయి. ఆకులు జల్లెడలా తూట్లు పడి, లేత పసుపు రెక్కల మీద ముదురు చారలున్న చిన్న పెంకు పురుగులు కనబడితే కంగారు పడకండి, అవి మనవైపే. దీన్ని తినడానికే 1980ల్లో మెక్సికో నుంచి బెంగళూరుకు తెచ్చిన పురుగులవి. ఆ గుబురును, పూత లేకపోతే, ఈసారికి వదిలేయండి.

పీకిన నేల ఖాళీగా ఉంటే మళ్ళీ అదే వస్తుంది. చలికాలంలో తంటెం (తగిరిస) మొక్క కాయలు ఎండాక గింజలు దాచి, తొలకరికి ముందు అక్కడ చల్లండి, కాస్త ఒత్తుగా చల్లండి, పలచగా వేస్తే సందుల్లో మళ్ళీ వయ్యారిభామే లేస్తుంది.