చదివిస్తున్న అమ్మాయిని చూడ్డానికి విదేశం నుంచి గుంటూరు వైపు వస్తుంటే

టికెట్టు కొనకముందే, కనీసం రెండు నెలల ముందు, ఏ సంస్థ ద్వారా ఆ అమ్మాయిని చదివిస్తున్నారో ఆ సంస్థవాళ్లకు రాయండి. పాస్‌పోర్టు కాపీ అడుగుతారు. మీరుండే దేశం నుంచి పోలీసు ధ్రువీకరణ కూడా కావాలనొచ్చు. నొచ్చుకోవద్దు. ఏమీ అడక్కుండా ఆడపిల్ల ఇంటి చిరునామా చేతిలో పెట్టే సంస్థ గురించే మనం కంగారుపడాలి.

తేదీ మీ సెలవును బట్టి కాదు, ఆ ఇంటి పనిని బట్టి పెట్టుకోండి. మార్చి, ఏప్రిల్‌లలో పరీక్షలు. వేసవి సెలవులకు పిల్ల అమ్మమ్మగారింటికి వెళ్లిపోవచ్చు. బడి మళ్లీ తెరిచేది జూన్ రెండో వారంలో. సంక్రాంతికి వచ్చేవాళ్లు పండుగ మూడు రోజులూ ఆ ఇంటివాళ్లకు వదిలేయండి. ఆ రోజుల్లోనే మిరప కోతలు మొదలవుతాయి. తల్లి కోతకు వెళ్లే మనిషైతే మీ కోసం ఇంట్లో ఆగిన రోజు కూలి పోయినట్టే. అందుకే ఆమెకు పని లేని రోజు ఏదో సంస్థవాళ్ల చేత అడిగించండి. తండ్రి గుంటూరు మిర్చి యార్డులో హమాలీ అయితే శని, ఆదివారాలు నయం, యార్డుకు సెలవు.

చిరునామా ఒకసారి సరిచూసుకోండి. పాత కాగితాల్లో గుంటూరు జిల్లా అని ఉన్న ఊళ్లు చాలావరకు 2022 ఏప్రిల్ నుంచి పల్నాడు, బాపట్ల జిల్లాల్లోకి వెళ్లాయి. గన్నవరంలో విమానం దిగితే విజయవాడ 20 కిలోమీటర్లు, అక్కణ్ణించి గుంటూరు ఇంకో 35, నరసరావుపేట వైపైతే మరో 45. దిగిన రోజే బయల్దేరకుండా ఒక రాత్రి పడుకుని, పొద్దున్నే వెళ్లండి. కారు ఇంటి ముందు దాకా తీసుకెళ్లొద్దు, బడి దగ్గర ఆపి నడవండి. గుమ్మంలో పెద్ద కారు కనిపిస్తే, ఆ ఇంటికి డబ్బు వచ్చిందని సాయంత్రానికల్లా అప్పులవాళ్లు వస్తారు.

భోజనం సంగతి ముందే తేల్చకపోతే మీ కోసం అప్పు చేసి కోడిని కోస్తారు. "టీ మాత్రం తాగుతాం, అన్నం తినొచ్చాం" అని ముందు రోజే చెప్పించండి. మరిగిన టీ మీ కడుపుకూ మంచిదే. అదీ వద్దనకండి, చిన్నబుచ్చుకుంటారు.

సర్కారు బడి పిల్లకు పుస్తకాలు, సంచీ, యూనిఫాం బడే ఇస్తుంది. జామెట్రీ బాక్సు, మంచి గొడుగు పనికొస్తాయి. తమ్ముడో చెల్లెలో ఉంటే వాళ్లకూ అంతే విలువైనది తేవాలి. సెల్‌ఫోను, బంగారం, నగదు వద్దే వద్దు. సంస్థకు ఇంకా ఇవ్వాలనుకున్నా చేతికివ్వకండి. విదేశీ పౌరసత్వం తీసుకున్నవాళ్లు ఇచ్చేది, ఓసీఐ (విదేశాల్లోని భారత సంతతివాళ్లకిచ్చే) కార్డు ఉన్నా సరే, ఎఫ్‌సీఆర్‌ఏ అనే విదేశీ విరాళాల చట్టం కింద విదేశీ విరాళమే. సంస్థ దాన్ని ఢిల్లీ స్టేట్ బ్యాంకు ప్రధాన శాఖలోని తన ఖాతాలోనే తీసుకోవాలి. దుర్గమ్మ ప్రసాదం పట్టుకెళ్లేముందు ఆ ఇంటివాళ్లు ఏ దేవుణ్ణి కొలుస్తారో కనుక్కోండి.

ఇంట్లో గంటకు మించి కూర్చోవద్దు. తల్లి, సంస్థ మనిషి ఎదురుగా ఉండాలి; పిల్లతో ఒంటరిగా ఎక్కడికీ వద్దు. మార్కులతో మాట మొదలుపెట్టకండి. బడికి ఎలా వెళ్తుంది, పక్కన కూర్చునేది ఎవరు, ఏ పాఠం ఇష్టం, ఇవి అడిగితే నోరు విప్పుతుంది. "నిన్ను అమెరికా తీసుకెళ్తా" లాంటి మాట పొరపాటున కూడా అనొద్దు, ఏళ్ల తరబడి ఎదురుచూస్తుంది. పదో తరగతి పిల్లైతే అసలు మాట్లాడాల్సింది తల్లిదండ్రులతో. పెళ్లిమాటలు మొదలయ్యే వయసది. ఇంటరా, పాలిటెక్నికా, పదో తరగతి మార్కులతో సీటిచ్చే నూజివీడు ట్రిపుల్ ఐటీనా, దేనికి ఎంతవుతుంది, ఎన్నేళ్లు మీరు కడతారు అన్నది లెక్కగా చెప్పండి. నిలబెట్టుకోగలిగినంతే చెప్పండి.

ఫోటో అడిగి తీయండి. బడి పేరు, ఊరి పేరు కనపడేలా ఫేస్‌బుక్‌లో పెట్టొద్దు. వెళ్లేటప్పుడు తల్లి బొట్టు పెట్టి రవికెల గుడ్డ ఇస్తే రెండు చేతులా తీసుకోండి. విమానం ఎక్కేలోపు విజయవాడలోనే ఆ ఫోటో రెండు కాపీలు తీయించి సంస్థలో ఇవ్వండి, పిల్లకొకటి, వాళ్లమ్మకొకటి.